‘పలక’ ‘వలక’ కాకుండా: గోడ మీద తెలుగు గ్రాఫిటీ

గ్రాఫిటీ అంటే గోడ మీద పెద్ద బొమ్మ అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అది పుట్టింది బొమ్మతో కాదు, పేరుతో. న్యూయార్క్‌లో ఆ పనికి దిగిన కుర్రాళ్ళు తమను ‘రైటర్లు’ అని పిలుచుకున్నారు. ఆ గుంపులో అమ్మాయిగా పేరు నిలబెట్టుకున్నది లేడీ పింక్. అసలు పేరు శాండ్రా ఫబారా. 1964లో ఈక్వడార్ దేశంలోని అంబాటోలో పుట్టింది, చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చి క్వీన్స్ ప్రాంతంలో పెరిగింది. 1979లో, తన స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకున్నాక ఇంట్లోవాళ్ళు ప్యూర్టో రికో పంపించేస్తే, అతని పేరు గోడల మీద రాయడంతో ఆమె పని మొదలైంది. 1985 దాకా సబ్‌వే రైళ్ళ మీద రాసింది. 1980లో అమ్మాయిలతోనే ‘లేడీస్ ఆఫ్ ద ఆర్ట్స్’ అనే జట్టు కట్టింది. చూడగానే ఆడపిల్ల అని తెలిసే ‘పింక్’ అన్న పేరుతో రాసింది. ఇంగ్లీషులో నాలుగక్షరాల ఆ మాటను వందలసార్లు రాసి రాసి, ఆ తర్వాతే బొమ్మల్లోకి వెళ్ళింది.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక అమ్మాయి స్ప్రే క్యాన్ పట్టుకోవాలనుకుంటే వరస ఇదే. ముందు ఒక పేరు, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలు నేర్పే వీడియోలు కోకొల్లలుగా ఉన్నాయి, కానీ ఆ కొలతలు మన లిపికి సరిపోవు. వాటిని చూసి తెలుగు రాసినవాళ్ళ గోడలు చూస్తే ఎక్కడ దెబ్బతిన్నాయో ఇట్టే తెలిసిపోతుంది.

ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య డబ్బాల్లా సర్దుకుంటాయి. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, తలకట్టు ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది. గోడ ఎత్తును ఐదు పాళ్ళు చేసుకోండి. పైన ఒక పాలు గుణింతానికి, మధ్యలో రెండున్నర పాళ్ళు అక్షరం ఒంటికి, కింద ఒకటిన్నర పాలు ఒత్తుకి. అంటే 10 అడుగుల గోడ మీద అక్షరం ఒళ్ళు 5 అడుగులే వస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా మొదలుపెడితే ‘నెల్లూరు’లో లావత్తు పోయి సైడు కాలవలో పడుతుంది. మొదటి గోడకి ఒత్తులేని మాట తీసుకోవడం మంచిది. ‘ఒంగోలు’ అన్నిటికన్నా అనువైన మాట, ఒత్తు లేదు, మధ్యలో నిండు సున్న ఉంది. ‘కావలి’ కూడా తేలికే.

ఇప్పుడు తలకట్టు సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. ‘వ’కి తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ‘ప’కి విడిగా ఉంటుంది. పెన్నుతో రాసేటప్పుడు ఆ సందు గురించి ఎవరూ ఆలోచించరు. స్ప్రేలో గీత లావు, దాని అంచున సన్నటి తుంపర కూడా పడుతుంది. 5 అడుగుల ‘ప’లో రంగు నింపినప్పుడు తలకట్టుకీ ఒంటికీ మధ్య 6 అంగుళాలు వదిలారనుకోండి. రెండు వైపులా అవుట్‌లైన్ ముప్పాతిక అంగుళం చొప్పున లోపలికొస్తుంది, తుంపర ఇంకో అర అంగుళం చొప్పున తింటుంది. చివరికి మిగిలేది మూడున్నర అంగుళాలు. అదే మొదట 3 అంగుళాలే వదిలి ఉంటే, రోడ్డు అవతల నిలబడి చూసేవాళ్ళకి ‘పలక’ కాస్తా ‘వలక’ అయిపోతుంది. ఫ, ష, స, హలకీ ఇదే జాగ్రత్త. కాగితం మీద స్కెచ్ వేసేటప్పుడు సన్నటి పెన్ను వాడకండి, లావు మార్కర్‌తో వేయండి. సందు మూసుకుపోతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

రెండో ప్రమాదం కారడం. ‘ద’ కింద వంపులో రంగు ఒక్క చుక్క కిందికి జారితే అది ‘ధ’. ‘చ’ అయితే ‘ఛ’, ‘డ’ అయితే ‘ఢ’. ఇంగ్లీషు గ్రాఫిటీలో కారిన రంగు ఒక అందం, కావాలనే కార్చేవాళ్ళు కూడా ఉన్నారు. తెలుగులో అది అచ్చుతప్పు. చెయ్యి ఆగిపోయినా, క్యాన్ గోడకి మరీ దగ్గరైనా, మొదటి పూత తడి ఆరకముందే రెండోది వేసినా కారుతుంది. వంపు అడుగుభాగంలో చెయ్యి దిశ మారుతుంది కాబట్టి సహజంగానే అక్కడ నెమ్మదిస్తుంది, అందుకే ఎక్కువగా కారేది అక్కడే. కారితే వేలితో తుడవొద్దు, చారలు పడి పని రెట్టింపవుతుంది. 20 నిమిషాలు ఆరనిచ్చి, వెనకాల ఉన్న రంగుతోనే ఆ చుక్కను కోసేయండి.

నీడ వేసే వైపు కూడా మన లిపికి వేరు. ఒత్తులు కిందా కుడిపక్కా కూర్చుంటాయి కాబట్టి, అక్షరానికి త్రీడీ మందం కుడి కిందికి లాగితే అది పోయి ఒత్తులో కలిసిపోతుంది. ఎడమ కిందికి లాగడం మేలు. ఒత్తులు మరీ ఎక్కువున్న మాటైతే ఎడమ పైకి.

తెలుగు రాతలో నిలువు గీతలు బహు తక్కువ, అంతా వంపే. కాబట్టి సాధన కూడా సున్నతోనే. పాత రేకు మీదో, పడేసే ప్లైవుడ్ ముక్క మీదో అడుగు వెడల్పు సున్నలు రోజుకు 50 వేయండి. మణికట్టు బిగబట్టి భుజం తిప్పాలి. మీట నొక్కకముందే చెయ్యి కదలడం మొదలవ్వాలి, కదులుతుండగానే వేలు ఎత్తేయాలి. మెలికల ముగ్గు వేసే చేతికి ఇది తొందరగా పట్టుబడుతుంది, ఎందుకంటే ముగ్గుపిండి కూడా వేళ్ళ సందు నుంచి ఒకే తీరున జారుతుంటే గీత సన్నమో లావో తేల్చేది చేతి వేగమే. 5 అడుగుల సున్నని మాత్రం ఒకే ఊపులో తిప్పాలని చూడకండి. నడినెత్తి నుంచి ఎడమ సగం, మళ్ళీ నెత్తి నుంచి కుడి సగం, రెండూ కిందికే లాగి అడుగున జానెడు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. చెయ్యి చాలకపోతే కాలు కదపాలి, నడుము వంచకూడదు.

స్కెచ్‌ని గోడకెక్కించడానికి చుక్కల ముగ్గులా గళ్ళు కొట్టుకునే పాత పద్ధతి ఒకటుంది, మన సైన్‌బోర్డు ఆర్టిస్టులు సుద్ద పూసిన దారం లాగి కొట్టేది అదే. ఎగుడుదిగుడు గోడల మీద దారం సరిగా పడదు. అప్పుడు పిచ్చిగీతల పద్ధతి వాడండి. గోడంతా లేతరంగుతో అక్షరాలు, నక్షత్రాలు, అంకెలు ఒకదానికొకటి పోలిక లేకుండా గీకేయాలి. దూరం నుంచి ఫోటో తీసి, ఫోన్‌లో ఆ ఫోటో మీద స్కెచ్‌ను పలచగా పరచాలి. ఇక ఏ వంపు ఏ గుర్తు పక్క నుంచి పోతుందో చూసుకుంటూ గీసుకుపోవడమే. గుర్తులు ఒకేలా ఉంటే తికమక పడతారు, రకరకాలుగా ఉండాలి.

ఇక క్యాన్లు. మామూలుగా దొరికేది 400 మిల్లీలీటర్ల క్యాన్. ఒక పూతకి 15 నుంచి 20 చదరపు అడుగులు వస్తుంది, ప్రైమర్ లేని గోడైతే అందులో సగం గోడే తాగేస్తుంది. హార్డ్‌వేర్ షాపు క్యాన్లు బండ్లకీ గేట్లకీ చేసినవి, వాటిలో గాలి ఒత్తిడి ఎక్కువ, రంగు పలచన. గ్రాఫిటీ కోసం చేసిన మోంటానా లాంటి క్యాన్లలో రంగు చిక్కగా, మెరుపు లేకుండా వస్తుంది. క్యాప్‌లు, అంటే నొక్కితే రంగు చిమ్మే మీటలు, విడిగా కొనేముందు క్యాన్ నోరు చూడండి. కొన్నిటికి క్యాన్‌కే సన్నటి గొట్టం పైకి ఉంటుంది, కొన్నిటికి ఆ గొట్టం క్యాప్‌కి ఉంటుంది. ఒకదానికి చేసినది ఇంకోదానికి ఎక్కదు. సన్న క్యాప్ సెంటీమీటరు గీత ఇస్తుంది, లావు క్యాప్ జానెడు దాకా పరుస్తుంది. సన్న గీతకి గోడకి రెండంగుళాల దూరం, నింపడానికి 6 నుంచి 8 అంగుళాలు.

లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా 2 నిమిషాలు ఊపాలి. సరిగా ఊపకపోతే ముందు నీళ్ళలాంటి రంగు, చివర్లో ముద్ద వస్తుంది, అదే క్యాప్‌ని మూసేస్తుంది. పని అయ్యాక క్యాన్ తలకిందులు చేసి, ఉత్త గాలి వచ్చేదాకా రెండు మూడు సెకన్లు నొక్కితే నోరు శుభ్రపడుతుంది. 50 డిగ్రీలు దాటిన చోట క్యాన్లు ఉంచకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. మే నెలలో మన ఎండకి స్కూటీ డిక్కీ ఆ వేడిని సులువుగా అందుకుంటుంది. నీడలో, తడిగుడ్డ కప్పిన బకెట్లో పెట్టుకోండి. వేడెక్కిన క్యాన్ ఉమ్మినట్టు రంగు కక్కుతుంది, గీత మీద పట్టు పోతుంది.

గోడంతా క్యాన్లతోనే నింపాలనుకోవడం డబ్బులు తగలేసుకోవడం. వెనక రంగూ, పెద్ద పెద్ద నింపుళ్ళూ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌తో రోలర్ మీద కొట్టేయాలి, క్యాన్ అవుట్‌లైన్‌కీ నీడలకీ మెరుపులకీ. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకి సుమారు 2 లీటర్ల ప్రైమర్, 4 లీటర్ల ఎమల్షన్, 10 నుంచి 14 క్యాన్లు అని అంచనా వేసుకోండి.

ఇక్కడిదాకా ఏ ఊళ్ళోనైనా ఒకటే. గోడ దగ్గరికి వచ్చేసరికి మన జిల్లాల లెక్క వేరు. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో గాలిలో ఉప్పు ఉంటుంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట ఆ నీళ్ళతోనే సిమెంటు కలిపి ఉంటారు. ఆ ఉప్పు చెమ్మతో పాటు పైకొచ్చి గోడ మీద తెల్లటి పొడిలా పూస్తుంది. దాని మీద రంగు వేస్తే లోపల నుంచి నెట్టి పెచ్చులుగా లేపేస్తుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే నీళ్ళు కొట్టి కడగడం. ఉప్పు ఆ నీళ్ళలో కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది, వారం తర్వాత మళ్ళీ పూస్తుంది. ఎండు బ్రష్‌తో రుద్ది, దులిపి, ఆ పొడి గోడ అడుగున పడకుండా ఎత్తేయాలి. పది రోజులు చూసి, మళ్ళీ పూస్తే మళ్ళీ రుద్దాలి. పూయడం ఆగాకే ప్రైమర్.

చెమ్మ ఉందో లేదో తేల్చుకోవడానికి రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున దాని వెనక నీటి ముత్యాలు కనబడితే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. కొత్తగా పూసిన ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి, పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది.

నేల నుంచి రెండడుగుల దాకా నెమ్ము పాకడం పాత ఇళ్ళ ప్రహరీల్లో మామూలే. అక్కడ ఎంత మంచి ప్రైమర్ వేసినా రెండు వానాకాలాలకి లేచిపోతుంది. కాబట్టి ఆ రెండడుగుల్లో అక్షరం పెట్టకండి, అలాంటి గోడకి ఐదు పాళ్ళ లెక్క దాని పైనుంచే వేసుకోండి. ఒకే ముదురు రంగు పట్టీ కొట్టి వదిలేస్తే, పాడైనప్పుడు ఎవరైనా మళ్ళీ పూసుకోవచ్చు, రాత చెడదు.

సున్నం కొట్టిన గోడని అరచేత్తో రుద్దితే తెలిసిపోతుంది, చెయ్యంతా తెల్లబడుతుంది. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే రంగు అతుక్కునేది సున్నానికి గానీ గోడకి కాదు. ఎండలకి సున్నం వదిలేసినప్పుడు రంగు కూడా అప్పడంలా ఊడొస్తుంది. గీకుడు పట్టీతో గీకి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, ప్రైమర్ వేయాలి. పగుళ్ళకి బయట వాడే సిమెంటు లప్పమే వాడాలి, ఇంటి లోపల వాడే లప్పం వానకి ఉబ్బిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ పలకలు తాపడం చేసిన ప్రహరీల జోలికి పోకండి. నునుపు రాయి రంగును పీల్చుకోదు, గోరు తగిలితే లేచిపోతుంది.

ఎమల్షన్ వేశాక దాని మీద స్ప్రే కొట్టడానికి ఎండాకాలంలో ఒక రోజు, వాన చల్లదనంలో రెండు రోజులు ఆగాలి. తడి లోపల ఉండగానే క్యాన్ రంగు పడితే పైన పొర ముడతలు పడుతుంది. ఆ ముడత దిద్దితే పోదు, గీకి మళ్ళీ మొదలెట్టాల్సిందే.

కాలం సంగతికొస్తే, మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ మూడు నెలలు బయటి గోడ ఒప్పుకోవద్దు. జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు. రోజులో వేళ కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం నుంచి తూర్పు గాలి లేస్తుంది, తూర్పు ముఖం గోడకి ఎదురొచ్చి తుంపరను మీ ముఖానికే తిప్పి కొడుతుంది. పడమర ముఖం గోడని పొద్దున పదకొండు లోపు చేసుకుంటే నీడ ఉంటుంది, గాలీ తక్కువ. ఎండకి కాలిన గోడ మీద రంగు తగలకముందే ఆరి గరుకు పొడిలా పడుతుంది. అరచెయ్యి ఆనించి ఐదంకెలు లెక్కపెట్టలేకపోతే ఆ గోడ మీద పని ఆపేయండి.

రంగు వెలిసే తీరులో కూడా పింక్ అన్న పేరుకి ఒక చిక్కుంది. ఎండకి ముందు పాలిపోయేవి గులాబీ, ఎరుపు, పసుపు రంగులే. తెలుపులో కాస్త ఎరుపు కలిస్తే వచ్చేది గులాబీ, ఆ కాస్త ఎరుపు పోగానే మిగిలేది మాసిన తెలుపు. ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన జేగురు, కావి రంగులు, నలుపు, తెలుపు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. గులాబీ కావాల్సిందే అంటే దాన్ని నింపడానికి వాడి, అవుట్‌లైన్ నలుపులో పెట్టండి. రంగు పోయినా అక్షరం మిగులుతుంది.

ఇప్పుడు ఒంటి సంగతి. గుడ్డ మాస్కు ఈ పనికి పనికిరాదు. ఎన్‌95 రంగు తుంపరను ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపలేదు. కావాల్సింది ఆవిరిని పట్టేసే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జిలూ, వాటి ముందు తుంపర ఫిల్టరూ ఉన్న రబ్బరు హాఫ్ మాస్క్. మామూలుగా షాపులో ఇచ్చేది మీడియం సైజు, చాలామంది ఆడవాళ్ళ ముఖానికి అది వదులు. స్మాల్ అడిగి తీసుకోండి. తగిలించుకున్నాక కార్ట్రిడ్జిలను అరచేతులతో మూసి గాలి పీల్చితే మాస్కు ముఖానికి అతుక్కోవాలి. అతుక్కోకపోతే పక్కల నుంచి గాలి వస్తున్నట్టే. పని లేనప్పుడు కార్ట్రిడ్జిలను జిప్ కవర్లో పెట్టండి, బయట ఉంటే అవి ఊరికే గాలిలోని ఆవిర్లు పీల్చుకుని అయిపోతాయి. మాస్కులోంచి రంగు వాసన తగిలిందంటే వాటి పని అయిపోయింది. కడుపుతో ఉన్నప్పుడు స్ప్రే, థిన్నర్ రెండూ వద్దు, ఎమల్షన్‌తో బ్రష్ పని చేసుకోవచ్చు.

సర్వి కట్టెలతో కట్టిన సారవ మీద ఎక్కేటప్పుడు చున్నీ తీసేయాలి, జడ చొక్కా లోపలికి దోపుకోవాలి. కట్టెలు కలిసే ప్రతి ముడి దగ్గరా మేస్త్రీని పక్కన పెట్టుకుని మీరే కాలితో తొక్కి చూడండి. నిలబడే పలక ఒకటి చాలదు, రెండు వేయించండి, ఎందుకంటే రాసేటప్పుడు కళ్ళు గోడ మీద ఉంటాయి గానీ కాళ్ళ మీద ఉండవు. ఇంకోటి, ఎవరూ రాయని విషయం: ఎనిమిది గంటల పనికి మరుగుదొడ్డి ఎక్కడుందో గోడ ఒప్పుకునేముందే చూసుకోవాలి. బడి గోడో, పెట్రోలు బంకు పక్క గోడో అయితే ఆ ఇబ్బంది ఉండదు. దొడ్డి లేదని నీళ్ళు తాగడం మానేసి ఎండలో నిలబడితే కళ్ళు తిరిగేది సారవ మీదే.

రోడ్డు మీద నిలబడితే ఎవరో ఒకరు ఆగి “ఏంది మ్మా, ఏ పార్టీకి రాస్తుండారు?” అని అడుగుతారు. మన ఊళ్ళలో గోడరాత అంటే ఎన్నికలే కదా. “పార్టీ కాదన్నా, ఊరి పేరు” అని ఒక్క మాట చెప్పి, ఇంటివాళ్ళు సంతకం పెట్టిన అనుమతి కాగితం జిరాక్సు చూపిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ కాగితం లేకుండా క్యాన్ తీయకండి. గోడలను పాడుచేయడం మీద మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ప్రభుత్వ గోడైతే మునిసిపాలిటీ లేదా కార్పొరేషన్ రాతపూర్వక అనుమతి కావాలి. న్యూయార్క్ రైళ్ళ మీద రాత్రిళ్ళు రాసిన రోజులు 1989 మే నెలలో రంగు పూసిన చివరి రైలును పట్టాల మీద నుంచి తీసేయడంతో ముగిశాయి, పింక్ అప్పటికే అనుమతి ఉన్న గోడలకీ కాన్వాసులకీ మారిపోయింది.

వీధిలో నిలబడే వీలే లేనప్పుడు ఏం చేయొచ్చో కాబూల్‌లో షమ్సియా హసానీ అనే ఆర్టిస్టు చూపించింది. 2010లో అక్కడ జరిగిన వర్క్‌షాపులో గ్రాఫిటీ నేర్చుకుంది. వీధిలో ఎక్కువసేపు ఉండే పరిస్థితి లేక, గోడల ఫోటోలు తీసుకుని వాటి మీదే రంగులు వేసింది. దాన్ని ‘డ్రీమింగ్ గ్రాఫిటీ’ అంది. ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలకి ఇది మంచి దారి. మీ వీధి గోడ ఫోటో పెద్ద సైజులో ప్రింటు తీయించి, దాని మీద మార్కర్లతో వేయండి. రేపు ఆ గోడ యజమానికి చూపించి అనుమతి అడగడానికి కూడా అదే పనికొస్తుంది.

డబ్బులు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు లెక్కలో ఒక్క అంకె చెప్పకండి. గోడ గీకడం, ప్రైమర్, సారవ ఒక పద్దు, రాత ఇంకో పద్దు. కలిపి చెబితే గోడ పాడై ఉన్నప్పుడు ఆ ఖర్చంతా మీ కూలిలోంచే పోతుంది. రంగులకి సరిపడా ముందే తీసుకోవాలి. కాగితం మీద ఇంకో రెండు వాక్యాలు ఉండాలి: రాత మీద మీ పేరు ఉంటుందనీ, చెరిపేసే ముందు మీకు చెబుతారనీ. క్వీన్స్‌లో 5పాయింట్జ్ అనే కట్టడం మీద ఏళ్ళుగా వేసిన రాతలను 2013 నవంబరులో ఒక్క రాత్రిలో తెల్లరంగు కొట్టి చెరిపేశారు. 2018లో అక్కడి కోర్టు 21 మంది ఆర్టిస్టులకి 67 లక్షల డాలర్లు ఇవ్వమంది, వాళ్ళలో లేడీ పింక్ ఒకరు. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారులకి పేరు హక్కునీ, పనిని పాడుచేస్తే అడిగే హక్కునీ ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి తీసి పాడుచేసిన కంచు మ్యూరల్ (గోడశిల్పం) విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్ కిందే 5 లక్షలు ఇప్పించింది.

అడిగే హక్కు ఉన్నా ఆధారం మీ దగ్గర ఉండాలి. పని పూర్తయిన రోజే ఎదురుగా నిలబడి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, సంతకం దగ్గరగా ఒకటి, నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి. సంతకం, సంవత్సరం కుడివైపు చివర, ఆ రెండడుగుల నెమ్ము పట్టీకి పైన రాయండి. పట్టీలో రాస్తే అన్నిటికన్నా ముందు ఊడిపోయేది మీ పేరే.